వాసన తెలియని మనిషితో ద్రాక్షతోటలకు

యూరప్ ద్రాక్షతోటలు చూసి వచ్చామని చెప్పగానే సింగపూర్‌లోని మా తెలుగువాళ్లంతా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "అయితే బాగా తాగారా?" తాగాం. పన్నెండు రోజుల్లో జర్మనీలో ఒక చోటు, ఫ్రాన్సులో మూడు చోట్లు తిరిగాం. కానీ తాగిన ఇద్దరిలో ఒకరికి వాసన తెలియదు. రెండో మనిషికి, అంటే నాకు, అంతకుముందు వైన్ అంటేనే తెలియదు. మీరు వెళితే మీ ప్రయాణం ఇలా ఉండదు. ఉండకూడదు కూడా.

బెడోక్ నుంచి

సింగపూర్‌లో మేం ఉండేది బెడోక్‌లో. మా ఆయన రవి బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. పదేళ్ల క్రితం ఎవరో స్నేహితుడు సరదాగా ఒక వైన్ క్లాసుకి తీసుకెళ్తే, ఆయనకి అదొక చదువై కూర్చుంది. వరసగా పరీక్షలు రాయడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక తానూ పాఠాలు చెప్పాలని ఆశ. శనివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద ఆరు గ్లాసులు పెట్టుకుని, ఒక్కొక్కటీ వాసన చూసి, నోట్‌బుక్‌లో రాసుకునేవారు. తాగేది తక్కువ, రాసేది ఎక్కువ.

నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. "తాగుడుక్కి కూడా పరీక్షలేంటి వదినా?" అని ఒకావిడ నవ్విన తర్వాత నేనెవరికీ చెప్పలేదు. కాకినాడలో మా అమ్మవాళ్లకి ఏదో వంటల కోర్సు అని చెప్పాను. ఆయన గ్లాసు నా వైపు జరిపి, "పద్మా, తాగొద్దు. ఒక్కసారి వాసన చూడు, చాలు" అని అడిగేవారు. ఎన్నేళ్లు అడిగారో! "నా పులుసు దగ్గరికి మాత్రం తేకండి" అని మొహం తిప్పుకునేదాన్ని.

రెండున్నరేళ్ల క్రితం ఆయనకి వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాతి ఆదివారం నేను పోపు పెట్టి, ఫోన్ మోగితే లోపలి గదిలోకి వెళ్లి మాటల్లో పడ్డాను. ఎవరో తలుపు బాదారు. పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ. "ఆంటీ, సమ్‌థింగ్ బర్నింగ్ ఆ? కారిడార్ అంతా స్మెల్ లా!" వంటింట్లోకి పరిగెత్తాను. మూకుడు నల్లగా మాడిపోయింది. వంటింటి గోడకి ఇవతల సోఫాలో కూర్చుని మా ఆయన పుస్తకం చదువుకుంటున్నారు. నన్ను చూసి, "ఏంటి, భోజనం రెడీయా?" అన్నారు.

అలా తెలిసింది.

ముక్కులో నరాలు దెబ్బతిన్నాయనీ, కొందరికి తిరిగి వస్తుందనీ, కొందరికి రాదనీ డాక్టరు చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగూ చిన్న చిన్న సీసాల్లో పోసి, పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నారు. ఏడాదిన్నర పాటు ఆయన ఒక్క పూటా మానలేదు. ఆఖరి పరీక్ష వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఒకరోజు మా అమ్మాయి సింధు అంది: "నాన్నా, జస్ట్ గో టు యూరప్ లా. మేబీ ద రియల్ థింగ్ విల్ వేక్ ఇట్ అప్."

నేనే అన్నాను: "వెళ్దామండీ. నేను వాసన చూసి మీకు చెప్తాను."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. అదే సాయంత్రం టికెట్లు కొన్నారు.

మోజెల్ ఒడ్డున

జర్మనీలో మోజెల్ అని ఒక నది. మా గోదావరిలో పాయంత కూడా ఉండదు. దాని రెండు ఒడ్డుల వెంటా కొండలు, కొండల మీద నిలువునా ద్రాక్షతోటలు. ఎంత నిటారుగా ఉంటాయంటే, పనివాళ్లు ఒకే రైలుపట్టా మీద నడిచే చిన్న బండిలో పైకి వెళ్లి కోసుకొస్తారు. నేలంతా నల్లటి పలకరాయి. మనం చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలకల్లాంటి రాళ్లే, ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంటాయి. సెప్టెంబరు చివర చలిలో కూడా మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

అక్కడ రైతులు తమ ఇంటి వాకిట్లోనే బల్లలు వేసి సొంత వైన్ అమ్ముతారు. మేం వెళ్లిన ఇంటాయన పేరు హాన్స్, డెబ్భై దాటాయి. గ్లాసు వైన్ మూడు యూరోలు, మంచినీళ్ల సీసా నాలుగు. తినడానికి బంగాళాదుంప తురుముతో నూనెలో కాల్చిన అట్లు, పక్కన ఆపిల్ గుజ్జు. అల్లప్పచ్చడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

రుచి చూసినవాళ్లు ఉమ్మడానికి బల్ల మీద ఒక కూజా పెట్టారు. నాకది చేతకాలేదు. పదిమంది ముందు బల్ల దగ్గర కూర్చుని ఉమ్మడమేమిటి? మింగేశాను. మూడో గ్లాసుకి చెవులు వేడెక్కాయి.

నాలుగోది పాత సీసా. హాన్స్ లోపల్నుంచి ప్రత్యేకంగా తెచ్చి, మా ఆయనకి మొదట పోశాడు. ఆయన గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, నాకిచ్చారు. నేను వాసన చూసి గతుక్కుమన్నాను. చిన్నప్పుడు కరెంటు పోతే అమ్మ లాంతరు వెలిగించేముందు వచ్చే వాసన. అచ్చం అదే. పాపం, ముసలాయన పాడైపోయిన సీసా తెచ్చాడనుకున్నాను. మా ఆయన చెవిలో తెలుగులో చెప్పాను: "ఏవండీ, ఇది తాగకండి. కిరసనాయిలు వాసనొస్తోంది."

ఆయన గట్టిగా నవ్వారు. రెండేళ్లలో అలా నవ్వడం నేను చూడలేదు. "అదేనే దాని గొప్ప! ఈ ద్రాక్షతో చేసిన వైన్ పాతబడితే ఆ వాసనే వస్తుంది. ఎంతోమంది పరీక్షల్లో కూడా పట్టుకోలేరు తెలుసా?" అని, హాన్స్‌కి ఇంగ్లీషులో చెప్పారు. హాన్స్ లేచి నాతో చెయ్యి కలిపాడు. "మీ భార్యకి మంచి ముక్కుంది," అన్నాడు ఆయనతో.

ఆయన నవ్వుతూనే తలూపారు. ఆ తర్వాత మూడు రోజులు నేను ప్రతి గ్లాసూ వాసన చూసి చెప్తూ పోయాను. పచ్చి మామిడి జీడి. నిమ్మతొక్క. వాన పడ్డాక మేడ మీది సిమెంటు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఆయనకి మేలు చేస్తున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సరదాగా కూడా ఉంది. అన్నేళ్లు ఆయన ఒంటరిగా తిరిగిన చోటుకి ఇప్పుడు నేనొచ్చాను, కానీ ఆయన అక్కడ లేరు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

రైల్లో కారిన సీసా

బయల్దేరేటప్పుడు హాన్స్ భార్య ఒక సీసా చేతిలో పెట్టింది. అది వైన్ కాదు, వైన్ అవుతున్న రసం. ఇంకా పులుస్తూనే ఉంటుంది, తెల్లగా, మబ్బుగా, నురగతో. మన తాటికల్లుకి దూరపు చుట్టం. శరదృతువులో కొన్ని వారాలే దొరుకుతుందట. ఆవిడకి ఇంగ్లీషు రాదు. సీసాని నిలువుగా పట్టుకుని రెండు మూడుసార్లు ఏదో చూపించింది. ఎంత మర్యాదగా ఇస్తోందో అనుకుని నేనూ రెండు చేతులా అందుకుని, సంచిలో బట్టల మధ్య భద్రంగా పడుకోబెట్టాను.

పులిసే రసం కదా, గాలి పోవాలని దాని మూత గట్టిగా బిగించరు. ఆవిడ చెప్పింది అదన్నమాట. రైలు కదిలిన అరగంటకి బోగీ అంతా ఒకటే వాసన. ఎదుటి సీటులో కూర్చున్న పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది. వెనక సీటువాళ్లు లేచి చూశారు. నాకూ వచ్చింది గానీ, ఎక్కడ్నుంచో తెలియక చుట్టూ చూస్తున్నాను. సంచి ఆయన కాళ్ల దగ్గరే ఉంది. ఆయన కిటికీలోంచి నది చూస్తూ కూర్చున్నారు. ఆయన మేజోడు తడిశాక కిందికి చూశారు.

పెద్దావిడ తన బ్యాగులోంచి కాగితపు రుమాళ్లు తీసిచ్చింది. నేలంతా తుడిచాం. నా నాలుగు చుడీదార్లూ, ఆయన స్వెట్టరూ పులిసిన రసంలో తడిశాయి. ఆవిడ నవ్వుతూ ఆయనతో, "ఇంత వాసనొస్తుంటే మీకు తెలియలేదా?" అంది.

"జలుబు," అన్నారాయన.

కొల్మార్

ఫ్రాన్సు సరిహద్దు దాటిన తర్వాత కొల్మార్. చెక్కబద్దల మధ్య రంగులు వేసిన గోడలు, కిటికీ కింద పూలకుండీలు. రొట్టె మీద మీగడా, ఉల్లిపాయా, పంది మాంసం ముక్కలూ పరిచి పొయ్యిలో కాల్చి ఇస్తారు. పంది మాంసం వద్దంటే, "అది లేకపోతే ఇంకేముంది?" అని వడ్డించే అతను నిజంగానే జాలిపడ్డాడు.

ఈ ఊరి మీదే ఆయన ఆశంతా పెట్టుకున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇక్కడి ఒక తెల్ల వైన్‌కి గులాబీ వాసన ఉంటుంది. ఏ అనుభవమూ లేనివాళ్లు కూడా పట్టుకోగలిగేంత గట్టి వాసన. ఆయన ఏడాదిన్నరగా రోజుకి రెండుసార్లు వాసన చూసింది కూడా గులాబీనే. అదొక్కటైనా వస్తుందనుకున్నారు.

చిన్న దుకాణం. మేం తప్ప ఎవరూ లేరు. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండిపోయారు. నాకు బల్ల అవతలికే గులాబీలు, లిచీ పండ్లూ తెలుస్తున్నాయి. ఆయన కళ్లు మూసుకునే, "ఏదో ఉంది పద్మా," అన్నారు. మళ్లీ చూశారు. గ్లాసు తిప్పి మళ్లీ చూశారు.

"ఉందనుకున్నాను," అని కింద పెట్టేశారు.

మర్నాడు ఉదయం హోటల్ గది ఖాళీ చేస్తుంటే చెత్తబుట్టలో ఆ నాలుగు చిన్న సీసాలూ కనిపించాయి. తియ్యాలా వద్దా అని వంగి నిలబడ్డాను. బాత్‌రూంలో నీళ్ల చప్పుడు ఆగింది. తియ్యలేదు.

బోన్

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు వైన్లకి బోన్ ముఖ్యమైన ఊరు. మధ్యలో పాతకాలపు ఆసుపత్రి, దాని కప్పు మీద రంగురంగుల పెంకులు. ఊరి బయట ఒక చిన్న వైన్ ఇంటికి వెళ్లాం. నడిపే ఆవిడ పేరు క్లేర్. అరవయ్యేళ్లుంటాయి, చేతులు ద్రాక్ష మరకలతో ఊదారంగులో ఉన్నాయి. మాతోపాటు ఒక ఆస్ట్రేలియా జంట. మాటల్లో నేనే నోరు జారాను, మా ఆయన వైన్ పరీక్షలు రాశారని. గొప్పగానే చెప్పాను. పదేళ్లు దాచినదాన్ని అలా పైకి చెప్పుకోవడం అదే మొదలు.

క్లేర్ మొహం వెలిగింది. లోపలికి వెళ్లి దుమ్ము పట్టిన ఎర్ర వైన్ సీసా తెచ్చింది. అందరికీ పోసి, ఆయన వైపే తిరిగి, "చెప్పండి, మీకేం కనిపిస్తోంది?" అంది.

నేను నా గ్లాసు వాసన చూశాను. ముక్కిపోయిన బియ్యం. తడిసి మగ్గిన అట్టపెట్టె. ఇది బాగా లేదు అనుకున్నాను. వెంటనే మోజెల్ గుర్తొచ్చింది. అక్కడా పాడైందనే అనుకున్నాను, అదే గొప్పదని తేలింది. ఖరీదైన ఎర్ర వైన్ ఇలాగే ఉంటుందేమో, నాకేం తెలుసు? ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. నేను చెప్తానని ఆగారు. నేను చెప్పలేదు.

ఆయన మొదలుపెట్టారు. "చెర్రీ. వాన తర్వాత అడవి నేల. కొంచెం పుట్టగొడుగులు..." ఎంత అందంగా చెప్పారో! తన పుస్తకాల్లోంచి, పాత శనివారాల్లోంచి గుర్తు తెచ్చుకుని ఒక్కొక్క మాటే పేర్చారు. ఆస్ట్రేలియా ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

అప్పుడు క్లేర్ తన గ్లాసులో కొంచెం పోసుకుని వాసన చూసింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "క్షమించండి," అంది మెల్లగా. "ఈ సీసా పాడైంది. బిరడా చెడిపోయింది. ఎవరూ తాగకండి."

ఆస్ట్రేలియావాళ్లు మర్యాదకి నవ్వి, మాకూ తెలియలేదన్నారు. క్లేర్ నవ్వలేదు. మా ఆయనకేసి చూస్తోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఇంగ్లీషులో అన్నారు: "నాకు వాసన తెలియదు. రెండేళ్లయింది."

ఆ మాట ఆయన బయటివాళ్లతో అనడం నేనెప్పుడూ వినలేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన అన్నయ్యకీ తెలియదు.

క్లేర్ సీసాలు పక్కకి నెట్టి, ఆయన మోచెయ్యి పట్టుకుని, "నాతో రండి. దీనికి ముక్కుతో పని లేదు," అంది. వెనక గదిలో నిలువెత్తు చెక్కతొట్లు ఉన్నాయి. ఆ వారం కోసిన ద్రాక్ష వాటిలో పులుస్తోంది. ఒక తొట్టికి చెవి ఆనించమంది. ఆయన ఆనించారు. నేనూ రెండోవైపు ఆనించాను. దూరంగా ఎక్కడో నూనెలో వడియాలు వేగుతున్నట్టు, ఆగకుండా చిన్న చిటపట. చెక్క వెచ్చగా ఉంది.

ఆయన చాలాసేపు అలాగే ఉన్నారు. తొట్టికి అవతల ఉన్నాను కాబట్టి నాకు ఆయన భుజాలే కనిపించాయి. అవి వణుకుతున్నాయి. క్లేర్ నా వైపు చూసి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

సాళ్ల మధ్య

తిరిగి ఊళ్లోకి తోటల మధ్యనుంచే నడిచాం. కోత అయిపోయింది. కోసేవాళ్లు వదిలేసిన చిన్న గుత్తులు అక్కడక్కడా ఉన్నాయి. ఆయన ఒక గుత్తి తెంపి, ఒక్కొక్క పండే నోట్లో వేసుకున్నారు.

"నాదే తప్పండీ," అన్నాను. "బాగాలేదని నాకు తెలిసింది. చెప్పలేదు."

"తప్పేం లేదులే. నువ్వు చెప్పినా నేను నమ్మేవాణ్ని కాదేమో. ఆవిడ అడిగింది నన్ను కదా." కొంచెం దూరం నడిచాక అన్నారు, "తీపి ఉంది. పులుపుంది. గింజ నమిల్తే వగరు. నాకు మిగిలింది ఈ మూడే."

"ఇంకా టైముందన్నారు కదా డాక్టరు."

"పద్మా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు." ఆగి నా వైపు తిరిగారు. "ఇంక నాకు చెప్పకు. ఏ వాసనొస్తోందో చెప్పకు."

నాకు అర్థం కాలేదు. "మీకు బాగుంటుందనే కదా..."

"నువ్వు చెప్తుంటే నాకు గుర్తొస్తుంది. నువ్వు నిమ్మతొక్క అంటే చాలు, వచ్చేసినట్టే ఉంటుంది. నువ్వు మాట ఆపగానే పోతుంది. రోజుకి పదిసార్లు పోతోందే. జ్వరమొచ్చినప్పుడు ఒక్కసారే పోయింది."

నేను ఆ సాలు చివరిదాకా ఆయనకంటే ముందు నడిచాను. అన్నేళ్లు ఆయన అడిగితే నేను వాసన చూడలేదు. చూడటం మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. చెప్పొద్దంటున్నారు. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"సరేనండీ," అన్నాను చివరికి.

రాన్స్

ఆఖరి మజిలీ షాంపేన్ ప్రాంతం. రాసేది రీమ్స్‌లా ఉంటుంది గానీ ఊరి పేరు రాన్స్ అని పలకాలి. రద్దు చేసుకుందామన్నాను. "వద్దు, చూసే పోదాం," అన్నారాయన.

భూమి కింద సుద్దరాతిలో తొలిచిన గదులు, మెట్లు దిగుతూనే ఉంటాం. గోడని తాకితే వేలికి తెల్లగా అంటుకుంటుంది, క్లాసులో సుద్దముక్క పట్టుకున్నట్టు. చీకట్లో వేల సీసాలు మెడలు కిందికి వంచుకుని ఉన్నాయి. పైకి వచ్చాక ఒకమ్మాయి మా ఇద్దరికీ చెరో గ్లాసు పోసింది. బుడగలు దారాల్లా పైకి లేస్తున్నాయి.

ఆయన గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకెళ్లలేదు. చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక గుక్క తాగారు. నేను మాత్రం ఆగలేకపోయాను. ముక్కు అలవాటు పడిపోయింది. వంగి వాసన చూశాను.

చూసి నిలబడిపోయాను. అన్ని రోజుల్లోనూ నాకు అంతగా నచ్చిన వాసన ఇంకోటి లేదు. నోటిదాకా వచ్చింది. ఆయన నన్నే చూస్తున్నారు.

"చల్లగా ఉందండీ," అన్నాను.

"ఊఁ," అన్నారు.

తిరిగొచ్చాక

వచ్చి ఏడు నెలలైంది. డాక్టరు దగ్గరికి ఇంకోసారి వెళ్లాం. ఇంత కాలమయ్యాక ఇంక ఆశ పెట్టుకోవద్దని నెమ్మదిగా చెప్పారు. ఆయన ఆఖరి పరీక్షకి ఇచ్చిన పేరు వెనక్కి తీసుకున్నారు. పుస్తకాలన్నీ క్లెమెంటిలో ఉండే ఒక స్నేహితుడికి ఇచ్చేశారు. శనివారాలు ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ పార్కుదాకా నడిచి వస్తారు. వెళ్లేముందు పొయ్యి కట్టేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటారు.

మొన్న ఒకరింట్లో భోజనాలప్పుడు ఎవరో ఆయన్ని ఫ్రాన్సు వైన్ గురించి అడిగారు. "మా ఆవిడనడగండి. దానికి నాకంటే బాగా తెలుసు," అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఏదో చెప్పాను. మోజెల్ కొండల గురించి, రైల్లో కారిన సీసా గురించి. నవ్వారు.

ఇందులో రాసిన వాసనలన్నీ నేను ఆయనకి అప్పుడే చెప్పినవి, లేదా బోన్ సీసా గురించి తర్వాత ఒప్పుకున్నవి. రాన్స్‌లో ఏ వాసనొచ్చిందో మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఏది రాసినా మొదట చదివేది ఆయనే.